పనికి సైకిలు మీద: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సైకిలు మీద పనికి వెళ్లడం గురించి గత సంచికలో నాలుగు మాటలు రాసినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అన్నిటినీ చదివాను. ఎక్కువమంది అడిగినవాటిని, ఒకరికి చెప్పే జవాబు పదిమందికి పనికివచ్చేవాటిని ఏరి ఇక్కడ ఇస్తున్నాను. ముందుగా ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్లకు పైగా నేను పనికి సైకిలు మీదే వెళుతున్నాను. ఈ కాలంలో ఉత్సాహంగా మొదలుపెట్టి నెలా రెండు నెలల్లో మానేసినవారిని చాలామందిని చూశాను. కాళ్లలో సత్తువ లేక మానేసినవారు వారిలో అరుదు. సీటు రెండు వేళ్లు కిందికి ఉండి మోకాలి నొప్పి తెచ్చుకున్నవారు, ఎండిపోయిన చైనుతో రోజూ కుస్తీ పట్టినవారు, మోటారు బండి మీద వెళ్లిన దారిలోనే సైకిలు మీదా వెళ్లబోయి బెదిరిపోయినవారు, వీరే ఎక్కువ. ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే. అందుకే ఈ జవాబుల్లో పట్టుదల గురించి తక్కువగానూ, సీటు గురించి, దారి గురించి ఎక్కువగానూ కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఆఫీసు ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. రెండు వారాలుగా సైకిలు మీద వెళుతున్నాను. అలసట లేదు గానీ, చెమటతో తడిసిన చొక్కాతో పదిమంది మధ్య కూర్చోవడం చాలా ఇబ్బందిగా ఉంది. ఆఫీసులో స్నానానికి వీలు లేదు. ఏం చేయమంటారు?
— ఒక గుమాస్తా

జవాబు: మీరు బహుశా తొందరగా తొక్కుతున్నారు. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ చేసేది అదే, నేనూ చేశాను. మన కండరాలు ఖర్చుచేసే శక్తిలో పెడలును తిప్పడానికి ఉపయోగపడేది సుమారు నాలుగో వంతు మాత్రమే. మిగిలినదంతా వేడిగా మారుతుంది, ఆ వేడిని బయటికి పంపడానికే చెమట పడుతుంది. గాలి నిలిచి ఉన్న రోజున, గాలిని తోసుకుంటూ పోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనం (వేగాన్ని వేగంతో రెండుసార్లు గుణించిన) లెక్కన పెరుగుతుంది. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారు దానిని 20కి పెంచితే ఆ శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. మీ తొమ్మిది కిలోమీటర్లకు మొదటి వేగంతో సుమారు 34 నిమిషాలు, రెండో వేగంతో 27 నిమిషాలు పడుతుంది. ఏడు నిమిషాలు మిగుల్చుకోవడానికి గాలితో అంత పెనుగులాట అవసరమా అని ఆలోచించండి. ఇంటి నుంచి ఏడు నిమిషాలు ముందుగా బయలుదేరడం అన్నిటికంటే తేలికైన ఉపాయం.

రెండో సంగతి చాలామంది గమనించరు. సైకిలు నడుస్తున్నంతసేపూ ఒంటికి తగిలే గాలి చెమటను ఆర్పేస్తూ ఉంటుంది. దిగిన వెంటనే ఆ గాలి ఆగిపోతుంది, శరీరంలోని వేడి మాత్రం వెంటనే ఆగదు. అందువల్ల ఆఫీసు గుమ్మం ఎక్కిన తర్వాతి పది నిమిషాల్లోనే చెమట ధారగా కారుతుంది. ఆ సమయంలో ఉతికిన చొక్కా తొడుక్కుంటే అదీ తడిసిపోతుంది. కాబట్టి చివరి కిలోమీటరును నడకకు కాస్త మించిన వేగంతో తొక్కండి. చేరాక పది నిమిషాలు నీడలోనో ఫ్యాను కిందో కూర్చోండి, తడి తువ్వాలుతో మెడ, చంకలు, వీపు తుడుచుకోండి, ఆ తర్వాతే చొక్కా మార్చుకోండి. అప్పుడే పట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు. చర్మం మీది సూక్ష్మజీవులు దానిని విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. ఉదయం స్నానం చేసి, ఉతికిన బట్టలతో బయలుదేరినవారికి ఈ తుడుపు చాలు.

మూడోది బ్యాగు. వీపుకు తగిలించుకున్న బ్యాగు కింద గాలి ఆడదు, ఎంత నెమ్మదిగా తొక్కినా అక్కడ చొక్కా అతుక్కుపోతుంది. దానిని క్యారియరు మీదికి మార్చండి. ఈ ఒక్క మార్పుతోనే ఇబ్బంది సగం తీరిందని నాకు చెప్పినవారు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: నెల రోజులుగా సైకిలు మీద డ్యూటీకి వెళుతున్నాను. మూడో వారం నుంచి రెండు మోకాళ్ల ముందు భాగంలో, చిప్ప కింద నొప్పి వస్తోంది. వయసు 38. సైకిలు నాకు పడదేమోనని అనుమానంగా ఉంది.
— ఒక ల్యాబు టెక్నీషియను

జవాబు: మోకాలి ముందు భాగంలో నొప్పి అని రాశారు, మంచి పని చేశారు. నొప్పి ఉన్న చోటే చాలావరకు కారణం చెబుతుంది. సీటు తగినదానికంటే కిందికి ఉంటే పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు అతిగా ముడుచుకుంటుంది, ఆ స్థితిలోనే బలంగా తొక్కవలసి రావడంతో చిప్ప మీద ఒత్తిడి పడి ముందు వైపు నొప్పి పుడుతుంది. సీటు మరీ ఎత్తుగా ఉంటే కాలు ప్రతిసారీ సాగవలసి వచ్చి మోకాలి వెనక నొప్పి వస్తుంది. మీ సీటు కిందికి ఉందని నా నమ్మకం. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని కోరుకుని చాలామంది సీటును దించి పెట్టుకుంటారు. ఆగినప్పుడు అది సౌకర్యమే, తొక్కుతున్న అరగంటా మాత్రం అది మోకాళ్లకు శిక్ష.

సీటు సరిచేసుకోవడానికి పానా తప్ప మరేమీ అక్కరలేదు. సైకిలును గోడ పక్కన నిలబెట్టి, ఒక చేయి గోడకు ఆనించి సీటు మీద నిటారుగా కూర్చోండి. ఒక పెడలును పూర్తిగా కిందికి తిప్పి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచుకోవాలి, నడుము ఆ పక్కకు ఒరగకూడదు. అలా కుదిరిన ఎత్తే మీ సీటుకు తగిన ఎత్తు. తొక్కేటప్పుడు మడమకు బదులు పాదం ముందు భాగాన్ని పెడలు మీద ఉంచుతాం కనుక, పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలి దగ్గర 25 నుంచి 35 డిగ్రీల వంపు దానంతట అదే మిగులుతుంది. సీటు కింది గొట్టం మీద ఒక గీత చెక్కి ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేంత ఎత్తుకు మాత్రం ఎప్పుడూ లాగకండి, గొట్టం విరిగే ప్రమాదం ఉంది. ఎత్తు చాలా మార్చవలసి వస్తే ఒకేసారి మార్చకుండా, రెండు మూడు రోజులకు ఒకసారి అర సెంటీమీటరు చొప్పున పెంచండి. ఆగవలసినప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి ఒక కాలు నేల మీద పెట్టడం అలవాటు చేసుకోండి. నాలుగు రోజుల్లో అది సహజమైపోతుంది.

నా మొదటి సంవత్సరంలో ఇదే నొప్పితో నాలుగు నెలలు బాధపడ్డాను. పట్టీ కట్టాను, తైలం రాశాను, సైకిలు అమ్మేద్దామనీ అనుకున్నాను. పంక్చరు వేయించడానికి వెళ్లినప్పుడు ఆ పనివాడు నన్ను ఎక్కి కూర్చోమని, మోకాలి వంక ఒకసారి చూసి, అడగకుండానే సీటును బొటనవేలంత పైకి లేపి బిగించాడు. పది రోజుల్లో నొప్పి పోయింది. ఆ బొటనవేలంత తేడా నాకు చెప్పేవారు లేకనే నాలుగు నెలలు గడిచాయి. మీకు ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

గేర్లున్న సైకిలైతే బరువైన గేరులో నెమ్మదిగా తొక్కకుండా, తేలిక గేరులో నిమిషానికి 70 నుంచి 80 చుట్లు తిరిగేలా తొక్కండి. మోకాలు వాచినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి పెట్టినా సీటుతో ప్రయోగాలు మాని వైద్యుడికి చూపించుకోవాలి.

ప్రశ్న: నాకు సైకిలంటే ఇష్టం. నేను పనిచేసే పాఠశాల ఆరు కిలోమీటర్ల దూరమే. కానీ పెద్ద రోడ్డు మీద బస్సులు, లారీలు పక్కన రాసుకుంటూ పోతాయి. ఇంట్లోవారు వద్దంటున్నారు, నాకూ లోపల భయంగానే ఉంది. ఈ భయం పోవడానికి ఎంత కాలం పడుతుంది?
— ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, ఆ భయాన్ని పోగొట్టుకోవలసిన జబ్బుగా చూడకండి. బరువైన వాహనాలు వేగంగా పోయే దారిని వాటితో పంచుకోవడం నిజంగానే ప్రమాదం, మీ భయం ఆ నిజాన్నే చెబుతోంది. ఇవాళ సైకిళ్ల దేశంగా పేరుపడిన నెదర్లాండ్స్‌లో జనం చేసే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే సాగుతున్నాయి. అదే దేశంలో 1971లో రోడ్డు ప్రమాదాలు మూడు వేలమందికి పైగా ప్రాణాలు తీశాయి, చనిపోయినవారిలో నాలుగు వందలమందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి, పిల్లలను చంపడం ఆపండి అని అర్థమిచ్చే పేరుతోనే ఉద్యమం నడిపారు. 1973లో వచ్చిన చమురు సంక్షోభం కూడా ఆ వాదనకు బలమిచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో సైకిళ్లకు వేరుగా దారులు వేశారు, ఇళ్లున్న వీధుల్లో వాహనాల వేగం తగ్గించారు. దారి మారాక జనం తమంతట తామే సైకిలెక్కారు.

దారి వేయించడం మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు గానీ, ఉన్న దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం మీ చేతిలో పనే. మోటారు వాహనాల్లో వెళ్లి వెళ్లి మనకు పెద్ద రోడ్డు ఒక్కటే దారిగా మనసులో ముద్రపడిపోయి ఉంటుంది. ఒక సెలవు రోజు తెల్లవారి, తొందరేమీ లేకుండా, లోపలి వీధుల గుండా పాఠశాల దాకా వెళ్లి రండి. ఆరు కిలోమీటర్లు ఏడున్నర అయితే కానివ్వండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఆ అదనపు దూరానికి పట్టేది ఆరు నిమిషాలే. పెద్ద రోడ్డును దాటవలసిన చోట్లు ఒకటో రెండో తప్పవు. అక్కడ దిగి, సైకిలును నడిపించుకుంటూ పాదచారిగా దాటండి. అందులో చిన్నతనమేమీ లేదు, నేను ఇప్పటికీ ఒక కూడలిలో రోజూ అలాగే దాటుతాను. పనివేళల్లో ఆ వీధులు ఎలా ఉంటాయో కూడా మరో రోజు చూసుకున్నాక నిర్ణయించుకోండి.

తొక్కే పద్ధతి గురించి మూడు విషయాలు చెప్పాలి. భయపడినవారు రోడ్డు అంచుకు అతుక్కుని వెళతారు, అది భద్రతగా కనిపిస్తుంది గానీ కాదు. అంచున గాజుపెంకులు, కాలువ మూతలు, గుంతలు ఉంటాయి. వాటిని తప్పించడానికి మీరు ఒక్కసారిగా లోపలికి జరగవలసి వస్తుంది. పైగా, మీరు అంచున ఉంటే వెనక వచ్చే వాహనదారు పక్కకు జరగకుండానే దూసుకుపోవచ్చనుకుంటాడు. అంచుకు సుమారు మీటరు ఎడంగా, తిన్నని గీతలో వెళితే మీరు అందరికీ కనిపిస్తారు, ఎటు వెళతారో వారికి అర్థమవుతుంది. ఆపి ఉన్న కార్ల పక్క నుంచి వెళ్లేటప్పుడు కూడా మీటరుకు తగ్గని ఎడం పాటించండి, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం.

రెండోది, లారీ పక్కన ఎప్పుడూ నిలబడకండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పొడవైన వాహనం మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ఆ వైపున, క్యాబిను పక్కన నిలిచిన సైకిలు చాలా లారీల్లో డ్రైవరుకు కనిపించదు. సిగ్నలు దగ్గర లారీ ఆగి ఉంటే పక్క సందులోంచి ముందుకు పోవాలనిపిస్తుంది. అది ఎంత ఖాళీగా ఉన్నా పోవద్దు, వెనకే ఆగండి. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించడం లేదనే లెక్క.

మూడోది, వెనక్కి తిరిగి చూడటం. పక్కకు జరిగే ముందు భుజం మీదుగా చూడాలి, అలా చూసినప్పుడు హ్యాండిలు కూడా అటే తిరగకూడదు. ఖాళీ మైదానంలో నేల మీద ఒక గీత గీసుకుని, దాని వెంట తొక్కుతూ వెనక్కి చూసి రావడం వారం రోజులు సాధన చేయండి. తలకు హెల్మెట్టు పెట్టుకోండి, అది కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. చెవుల్లో పాటలు వద్దు, వెనకున్న వాహనాన్ని ముందుగా పట్టిచ్చేది చెవే. చీకటిలో ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి. వీటితోపాటు చీలమండలకు మెరిసే పట్టీలు కట్టుకోండి. పైకీ కిందికీ ఆడుతున్న రెండు మెరుపులను చూడగానే అక్కడున్నది మనిషని డ్రైవరు పోల్చుకుంటాడు. చొక్కా మీద కదలకుండా ఉండే పట్టీ ఒక్కటీ అంత తొందరగా ఆ పని చేయలేదు.

ఇంట్లోవారికి ఈ ఉత్తరం చూపించే బదులు, మీరు ఎంచుకున్న దారిని ఒకసారి తీసుకువెళ్లి చూపించండి.

ప్రశ్న: పనికి వెళ్లడానికి గేర్ల సైకిలు కొనాలా, మామూలుది చాలా?
— ఒక కొత్త ఉద్యోగి

జవాబు: దారి చదునుగా ఉంటే మామూలుది చాలు. ఇక్కడ చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు, చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు ఉందనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల పైచిలుకు. పైన గుమాస్తా గారికి చెప్పిన వేగంతో పోలిస్తే ఇది ఎక్కువే. ఫ్రీవీలును 22 పళ్లదానికి మార్పిస్తే అవే 60 చుట్లకు గంటకు 16 కిలోమీటర్లు వస్తుంది, ఎదురుగాలిలోనూ చిన్న ఎత్తు మీదా మోకాళ్లకు ఎంతో హాయిగా ఉంటుంది. కొత్త సైకిలు కొనే ముందు ఈ మార్పు చేయించి చూడండి.

దారిలో పెద్ద ఎత్తులు, వంతెనలు ఉంటే గేర్లు కావాలి. వెనక చక్రం ఇరుసు లోపలే ఇమిడి ఉండే మూడు గేర్ల అమరిక దొరికితే రోజువారీ ప్రయాణానికి దాన్నే నేను ఇష్టపడతాను. దుమ్మూ నీరూ దానిలోకి చేరవు, సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు. చైను ఒక పళ్లచక్రం మీద నుంచి మరోదాని మీదికి దూకే రకంలో గేరు మార్చాలంటే పెడలు తిరుగుతూ ఉండాలి, కాబట్టి ఆగే ముందే తేలిక గేరులోకి రావడం మరిచిపోకూడదు.

ప్రశ్న: పొగలో ఊపిరి పీల్చుకుంటూ సైకిలు తొక్కితే వచ్చే లాభం కంటే నష్టమే ఎక్కువ కదా?
— ఒక పాఠకుడు

జవాబు: ఈ సందేహం న్యాయమైనది, దీనిని పరిశోధకులు లెక్కగట్టారు కూడా. బ్రిటన్‌లో రెండున్నర లక్షలమందికి పైగా వివరాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పనికి సైకిలు మీద వెళ్లేవారికి అధ్యయనం సాగిన కాలంలో మరణించే అవకాశం, కారులోనో బస్సులోనో కూర్చుని వెళ్లేవారితో పోలిస్తే, 41 శాతం తక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే. ఆ తేడా అంతా సైకిలు వల్లే వచ్చిందని అనలేం. గాలి సంగతి వేరుగా లెక్కించిన 2016 నాటి అధ్యయనం ప్రకారం, ప్రపంచంలోని అత్యధిక నగరాల్లో సైకిలు వల్ల కలిగే మేలు పొగ వల్ల కలిగే కీడును మించే ఉంటుంది. పీఎం 2.5 అనే సన్నని ధూళి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు ఉన్న చోట మాత్రం, రోజుకు గంటన్నర దాటి తొక్కితే తూకం కీడు వైపు మొగ్గుతుంది. కాబట్టి గాలి బాగా చెడిన రోజుల్లో దూరం తగ్గించుకోండి, లేదా ఆ రోజుకు మానుకోండి. ఉబ్బసం ఉన్నవారు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

రద్దీ రోడ్డుకు ఒక వీధి లోపలికి జరిగినా పొగ గణనీయంగా తగ్గుతుంది. ఉపాధ్యాయురాలికి భయం కోసం చెప్పిన దారి, మీకు ఊపిరి కోసం కూడా పనికివస్తుంది.

ప్రశ్న: వారానికి ఒకసారైనా పంక్చరు అవుతోంది. రెండుసార్లు ఆఫీసుకు ఆలస్యమై మాట పడ్డాను. టైరు కొత్తదే.
— ఒక పాఠకుడు

జవాబు: కొత్త టైరుకు వారం వారం పంక్చరు కావడం మామూలు సంగతి కాదు, దానికొక కారణం ఉంటుంది, ఆ కారణాన్ని ట్యూబు మీది రంధ్రమే చెబుతుంది. పక్కపక్కనే రెండు చిన్న కోతలు, పాము కాటులా కనిపిస్తే, గాలి తక్కువగా ఉండి గుంతలో పడినప్పుడు రిమ్ముకూ నేలకూ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. టైరు పక్క భాగంలో ఎంత గాలి ఉండాలో అంకెల్లో అచ్చువేసి ఉంటుంది. చాలామంది బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనుకుంటారు, వేలికి ఆ తేడా తెలియదు. రబ్బరు గోడల గుండా గాలి కొద్దికొద్దిగా తనంతట తానే తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, గేజి ఉన్న పంపుతో వారానికి ఒకసారి గాలి కొట్టుకోవాలి. రంధ్రం ట్యూబు లోపలి వైపున, రిమ్ము తగిలే చోట ఉంటే చువ్వల తలలను కప్పే పట్టీ జరిగిపోయి ఉంటుంది.

ఒంటి రంధ్రం బయటి వైపున, ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే ముల్లో గాజు ముక్కో టైరులోనే మిగిలిపోయిందన్నమాట. ట్యూబు తీసి ప్యాచ్ వేసి ఊరుకుంటే మర్నాడు మళ్లీ గుచ్చుకుంటుంది. టైరును పూర్తిగా విప్పి, లోపలి వైపు వేళ్ల కొసలను చాలా మెల్లగా, గుడ్డ చుట్టుకుని మరీ తిప్పండి. కంటికి కనిపించని ముల్లు మొన గుడ్డ పోగును పట్టి లాగుతుంది. బయట నుంచి పటకారుతో దాన్ని పీకేదాకా ఆ పంక్చరు పని పూర్తి కానట్టే.

ఇంకొకటి. మీది పాతరకం వాల్వు అయితే దాని లోపల సన్నని రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, అది పగిలినా గాలి పోతుంది, అందరూ దాన్ని పంక్చరనుకుంటారు. వాల్వు మూతి మీద కాస్త ఉమ్మి రాసి ఒక నిమిషం చూడండి. చిన్న బుడగ లేచిందంటే మార్చవలసినది ఆ గొట్టమే. ఈ రకం వాల్వుకు పేరుగా మిగిలిన జాన్ బాయిడ్ డన్‌లప్ పశువైద్యుడు. 1888లో ఆయన తన కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు తగ్గించడానికి గాలి టైరు తయారుచేశాడు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అదే ఊహకు పేటెంటు తీసుకున్నాడని తర్వాత తేలింది. అప్పటికి సైకిళ్లే లేవు కనుక అది మరుగున పడిపోయింది. డన్‌లప్ టైరు రాకముందు సైకిలెక్కినవారు చెక్క చక్రాలకు ఇనుప పట్టా వేసుకుని, ఆ తర్వాత గట్టి రబ్బరు చుట్టుకుని ఎముకలు కదిలేలా తిరిగారు. పంక్చరు అయినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొచ్చి కోపం తగ్గుతుంది.

ఆలస్యమై మాట పడకుండా ఉండాలంటే ఒక అదనపు ట్యూబు, టైరు విప్పే రెండు పలకలు, చిన్న పంపు సీటు కింద సంచిలో ఉంచుకోండి. దారిలో ప్యాచ్ వేస్తూ కూర్చోకండి. ట్యూబు మార్చుకుని వెళ్లిపోయి, ప్యాచ్ సాయంత్రం ఇంట్లో వేసుకోండి.

ప్రశ్న: వానలో బ్రేకు పట్టడం లేదు. లోపం దేనిలో ఉంది?
— ఒక పాఠకురాలు

జవాబు: రిమ్ముకు ఒత్తుకునే బ్రేకులన్నిటికీ వానలో ఈ ఇబ్బంది ఉంది. రిమ్ము మీది నీటిని రబ్బరు తుడిచేదాకా పట్టు దొరకదు, చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగాకే దొరుకుతుంది. ఆగవలసిన చోటుకు చాలా ముందే బ్రేకును మెల్లగా తాకించి నీరు తుడిచి, ఆ తర్వాత రెండు బ్రేకులూ కలిపి నొక్కండి. పొడి రోడ్డు మీద ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే, వానలో మాత్రం దాన్ని ఒక్కదాన్నే గట్టిగా నొక్కకండి. రోడ్డు మీది రంగు గీతలు, ఇనుప మూతలు తడిస్తే నూనె రాసినట్టు జారతాయి, వాటి మీద మలుపు తిరగడం గానీ బ్రేకు వేయడం గానీ చేయకూడదు. రైలు పట్టాలను అడ్డంగా, వీలైనంత లంబకోణంలో దాటాలి.

ఇంటికి చేరాక ఒక పని ఉంది. తడిసిన చైనును అలాగే వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పూత కనిపిస్తుంది. పొడిగుడ్డతో చైనును పట్టుకుని పెడలును వెనక్కి పది చుట్లు తిప్పండి, ఆరాక ఒక్కో కీలు మీద ఒక్కో నూనె చుక్క వేసి, పైపైన మిగిలినదంతా మళ్లీ తుడిచేయండి. నూనె ఉండవలసింది కీలు లోపల. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టి, చైనును ఆకురాయిలా అరగదీస్తుంది. చైను అరిగిందో లేదో కొలిచి తెలుసుకోవచ్చు. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నాను ఉంచితే, కొత్త చైనులో 24వ ఖండం చివరి పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగిందంటే చైను మార్చే సమయం వచ్చినట్టే.

ప్రశ్న: వయసు 56. షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. పనికి సైకిలు మీద వెళ్లవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ వైద్యుడిని అడిగాకే మొదలుపెట్టండి. అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి: నా గుండెకు ఈ శ్రమ తగునా, నేను వేసుకునే మాత్రలు శ్రమ చేసినప్పుడు చక్కెరను మరీ తగ్గించేవా? ఇన్సులిను తీసుకునేవారికి, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి ఆ ప్రమాదం ఉంది. అలాంటివారు త్వరగా పనిచేసే తీపి పదార్థాన్ని జేబులో ఉంచుకోవాలి, వణుకు గానీ కళ్లు తిరగడం గానీ అనిపిస్తే ముందు ఆగాలి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే మూసిన బూట్లు వేసుకుని, ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి.

వైద్యుడు సరేనంటే, మొదట వారానికి రెండు రోజులు చాలు. పక్కన ఒకరున్నట్టు ఊహించుకుని, పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంతోనే తొక్కండి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది; వెళ్లడానికి 15 నిమిషాలు, రావడానికి 15 నిమిషాలు చొప్పున ఐదు రోజులు తొక్కితే సరిగ్గా అంతే అవుతుంది. దారిలో ఎత్తులుంటే బ్యాటరీ సాయమున్న సైకిలు తీసుకోవడానికి సంకోచించకండి. పెడలు తొక్కితేనే సాయం చేసే రకంలో కాలికి పని తప్పదు, గుండె మీద ఒక్కసారిగా పడే భారం మాత్రం తగ్గుతుంది. ఛాతీలో నొప్పి గానీ బిగువు గానీ వస్తే దిగిపోయి వెంటనే సాయం కోసం పిలవండి.

ప్రశ్న: మా సంస్థలో నలభై మంది పనిచేస్తున్నాం. సైకిలు మీద వచ్చేవారికి వీలు కల్పించాలని ఉంది గానీ ఎక్కువ ఖర్చు పెట్టలేం. ఏది ముందు చేయాలి?
— ఒక సంస్థ నిర్వాహకురాలు

జవాబు: మీలాంటి ఉత్తరం ఈసారి ఒక్కటే వచ్చింది, చాలా సంతోషించాను. ముందుగా సైకిలు పెట్టుకునే చోటు చూడండి. చాలా కార్యాలయాల్లో దానిని భవనం వెనక, ఎవరి కంటా పడని మూలలో పెడతారు, అక్కడే దొంగతనాలు జరుగుతాయి. కాపలాదారుకు గానీ లోపల కూర్చున్నవారికి గానీ కనిపించే చోట, గుమ్మానికి దగ్గరగా, పైన కప్పుతో ఉండాలి. దాని తర్వాత, బట్టలు మార్చుకోవడానికి గొళ్లెం పడే ఒక చిన్న గది, తడి తువ్వాలు ఆరేసుకోవడానికి నాలుగు కొక్కేలు, ఒక పెద్ద పంపు. స్నానాల గది కట్టించలేకపోయారని బాధపడకండి, అది లేకుండా ఎలా నెట్టుకురావచ్చో మొదటి జవాబులోనే రాశాను.

స్టాండు విషయంలో మాత్రం పొరపాటు చేయవద్దు. ముందు చక్రాన్ని మాత్రమే ఇరికించే రకం కొనకండి. సైకిలు పక్కకు ఒరిగితే రిమ్ము వంగిపోతుంది, తాళం చక్రానికే వేయవలసి రావడంతో దొంగ చక్రాన్ని వదిలి మిగతా సైకిలు పట్టుకుపోతాడు. తలకిందులుగా ఉన్న యు ఆకారంలో గట్టి ఇనుప గొట్టాన్ని వంచి నేలలో పాతించండి, సైకిలు ఫ్రేము దానికి ఆనుతుంది, ఫ్రేమునూ చక్రాన్నీ కలిపి తాళం వేయవచ్చు, ఒక్కో గొట్టానికి రెండు వైపులా రెండు సైకిళ్లు పడతాయి. గొట్టానికీ గొట్టానికీ మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి, గోడకు మరీ దగ్గరగా పాతకూడదు. కాంక్రీటు పోసేముందు, ఇప్పటికే సైకిలు మీద వస్తున్నవారిని పిలిచి, వారి సైకిలును ఆ గొట్టానికి ఆనించి, వారి తాళమే వేసి చూడమనండి.